కిటికీ అవతలి ప్రార్థన

రేపొస్తానన్న ప్లంబరు తాలూకు రేపు ఎప్పటికీ రాదు. ఆ సంగతి లోకమంతటికీ తెలుసు. ఫాదర్‌కే ఓపిక పట్టలేదు. గుడి కప్పు మీది వాననీళ్ల గొట్టంలో పావురాలు గూడు పెట్టాయి, నీళ్లు గోడలోకి దిగుతున్నాయి అని, అరవై దాటిన మనిషి నిచ్చెన వేసుకుని తనే ఎక్కాడు. గూడు చేతికందింది గానీ నిచ్చెన కాలికింద నిలవలేదు. కుడి భుజం మీద పడ్డాడు. ఎముక విరిగింది.

"నువ్వు ఫాదర్‌వా, కోతివా?" అని ఎవరూ లేనప్పుడు ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అడిగింది అక్క.

అక్క అంటే ఆయన సొంత అక్క. భర్త పోయిన దగ్గర్నుంచి తమ్ముడి దగ్గరే ఉంటూ వండి పెడుతోంది. ఊరంతా ఆమెను అక్కా అనే పిలుస్తుంది. నలుగురిలో ఉన్నప్పుడు తమ్ముణ్ణి "ఫాదర్" అంటుంది, తలుపు వేశాక "ఒరేయ్" అంటుంది. నోరు గట్టిది. చెయ్యి మాత్రం మెత్తనిది. అది తెలిసినవాళ్లు నోటిని పట్టించుకోరు.

భుజంలో ఇనప రేకు వేసి కుట్టి, చేతికి పట్టీ కట్టి, ఇంటికి పంపారు. గుడి పక్కనే రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆయన మంచం, దాని పక్కన వీధివైపు కిటికీ. ఆయన ఇంటికి చేరేసరికే గొలుసు ప్రార్థన మొదలైపోయింది. ఆ గుడివాళ్ల పద్ధతి అది. ఎవరికైనా పెద్ద కష్టం వస్తే, పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఇద్దరిద్దరు చొప్పున వాళ్ల మంచం పక్కన కూర్చుని ప్రార్థిస్తారు. వచ్చేవాళ్లు వచ్చి మోకరిస్తే గానీ ఉన్నవాళ్లు లేవకూడదు. నడుమ ఖాళీ వస్తే గొలుసు తెగినట్టు లెక్క. ఆ గుడి చరిత్రలో గొలుసు తెగిందే లేదు. ఫాదర్ కోసం కాకపోతే ఇంకెవరి కోసం? బేకరీలో పనిచేసేవాళ్లు పిండి చేతులు కడుక్కుని వచ్చేవారు, బస్సు డ్రైవరు డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చేవాడు, టైలరు మంచం పట్టిన తల్లికి గంజి తాగించి వచ్చేవాడు. అందరికంటే ఎక్కువగా వచ్చినవాడు ప్లంబరు. ఆ రేపొస్తానన్నవాడు.

ప్లంబర్ని అందరూ మైకు అంటారు. అతను గుసగుసలాడితే పక్క వీధికి వినిపిస్తుంది. భార్య పోయి రెండేళ్లయింది. నేనెళ్లి ఉంటే ఫాదర్ పడేవాడు కాదు కదా అని అతని గుండెల్లో ముల్లు. అందుకని తన వంతు కాకపోయినా వచ్చి కూర్చునేవాడు.

అక్క మొదట్లో మురిసిపోయింది. ఇంతమంది ప్రేమ ఎవరికి దొరుకుతుంది? వచ్చినవాళ్లకల్లా టీ పెట్టింది. తర్వాత తర్వాత ఆమెకు ఏదో తేడాగా అనిపించసాగింది.

భుజానికి కసరత్తు చేయించడానికి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి వచ్చేది. పట్టీ కాసేపు తీసి, గోడకు ఎదురుగా నిలబడి, కుడిచేతి వేళ్లను చీమ పాకినట్టు గోడ మీద పైకి పాకించాలి. ఎక్కడిదాకా వెళ్తే అక్కడ ఆ అమ్మాయి పెన్సిలుతో గీత పెడుతుంది. మర్నాడు ఆ గీత దాటాలి. చూడ్డానికి పిల్లలాట, చేసేవాడికి ప్రాణసంకటం. అమ్మాయి వచ్చినప్పుడల్లా ఫాదర్ మంచం పక్కన మోకరించిన ఇద్దరి వైపు చూసి నవ్వి, "ప్రార్థనలో ఉన్నారమ్మా. రేపు చేద్దాం" అనేవాడు. ప్లంబరు రోగం ఫాదర్‌కు అంటుకుంది. గోడ మీద రొమ్ము ఎత్తున ఒకే ఒక్క గీత అలా ఉండిపోయింది.

పట్టీ పూర్తిగా విప్పిన రోజున డాక్టరు భుజం పట్టుకుని కదిపి చూసి, ముఖం చిట్లించాడు. "ఎముక అతుక్కుంది. కీలే బిగుసుకుపోతోంది. ఇప్పుడు కష్టపడకపోతే ఈ చెయ్యి ఇంతకంటే పైకి లేవదు. తర్వాత నన్నేమీ అనకండి" అన్నాడు.

ఇంటికొచ్చాక ఫాదర్ గోడ మీది గీతను వేలితో తడిమాడు. తర్వాత నెమ్మదిగా, "అక్కా, పూజలో ద్రాక్షరసం పాత్రను తలపైకి ఎత్తలేని గురువు ఈ గుడికెందుకు? ఇంకొకర్ని పంపమని బిషప్‌గారిని అడుగుతాను. నేను ముసలి గురువుల ఆశ్రమానికి పోతాను" అన్నాడు.

అక్కకు నాన్న గుర్తొచ్చాడు. చేతులు వణుకుతున్నాయని దుకాణం మూసేసి, గోడవైపు తిరిగి కూర్చుని, ఏడాది తిరక్కుండానే పోయాడు. తమ్ముడు అచ్చం నాన్న పోలిక. పీఠం దిగిన రోజునే వీడు పోతాడు, ఆశ్రమానికి వెళ్లేది ఒట్టి శరీరమే అనుకుందామె.

ఆ మధ్యాహ్నం గొలుసులో ఉన్న ఇద్దరినీ, ప్రార్థన అక్కడే సాగించండంటూ వంటింట్లోకి టీకి పిలిచి, తలుపు దగ్గరికి వేసింది. తలుపు సందులోంచి చూస్తే తమ్ముడు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. వేళ్లు గీత దాకా పాకాయి. గీత దాటబోయేసరికి లోపల్నుంచి ఒక మూలుగు బయటికొచ్చింది. మనిషిది కాదు, పశువుది. ఫాదర్ చప్పున తువ్వాలు నోట్లో కుక్కుకుని చెయ్యి దించేశాడు. వంటింట్లో గ్లాసు చప్పుడయింది. అంతే, ముఖం తుడుచుకుని, నవ్వు తగిలించుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

అక్క లోపలికెళ్లి గొళ్లెం పెట్టింది.

"ఒరేయ్, నొప్పెడితే మూలగరా. మూలుగుకి పన్ను కట్టాలా?"

"నీకు తెలియదక్కా." ఆయన తువ్వాలు మడతపెట్టాడు. "ముప్పై ఏళ్లుగా ఎన్ని మంచాల పక్కన నిలబడ్డానో! నొప్పిని నోరెత్తకుండా ఓర్చుకోండి, అదే మీ ప్రార్థన అని చెప్పాను. టైలరు వాళ్లమ్మకు నేను నిచ్చెన ఎక్కడానికి ముందురోజే చెప్పి వచ్చాను. వాళ్ల పిల్లలే ఇప్పుడు నా పక్కన మోకరిస్తున్నారు. వాళ్ల ముందు నేను మూలగనా?"

మొండివాడు రాజుకంటే బలవంతుడు అంటారు. అక్కకు ఒళ్లు మండింది, జాలేసింది, రెండూ ఒకేసారి. గొళ్లెం తీసి వరండాలోకి వెళ్లి, వంతుకొచ్చినవాళ్లకు అడ్డంగా నిలబడింది.

"ఇకమీదట లోపలికి ఎవ్వరూ రావద్దు. గొలుసు చాలు."

పెద్ద గొడవే అయింది. "ప్రార్థన వద్దంటుందేమిటీవిడ?", "దేవుడికి అడ్డం నిలబడితే ఫాదర్‌కు ఎలా నయమవుతుంది?", "మనం పెట్టిన గొలుసు తెంచడానికి ఈవిడెవరు?" అని తలా ఒక మాట అన్నారు. అక్క దేనికీ బదులు చెప్పలేదు. ఆమె నోరు మూసుకోవడం ఎన్నడూ చూడని మైకుకు మాత్రం అనుమానం వచ్చింది. అందర్నీ గేటు దాకా పంపి, వెనక్కొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"అక్కా, ఏమైందో నాతో చెప్పు."

చెప్పింది. చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. మైకు తల వంచుకుని విన్నాడు.

"మా ఆవిడా అంతే. ఫాదర్‌గారు వచ్చి, ఓర్చుకోమ్మా అనేవారు. ఆయన ఉన్నంతసేపూ పెదవి కొరుక్కుని నవ్వేది. ఆయన గేటు దాటాక మూలిగేది. రక్తం కూడా వచ్చేదక్కా పెదవికి." మొట్టమొదటిసారి అతని గొంతు పక్క మనిషికి కూడా సరిగా వినపడలేదు. "ఆయన మీద నాకు కోపం లేదు. ఆ నొప్పి మాత్రం నాకు తెలుసు."

"మరేం చేద్దాం?"

"గొలుసు తెగొద్దు. ఇవాళ చీకటి పడేదాకా నేనీ మెట్టు మీదే ప్రార్థిస్తా, రేపట్నుంచి కిటికీ బయట పెడదాం. ఆయన మూలుగు మాకు వినపడకూడదు, అంతే కదా! వినపడకుండా నేను చూసుకుంటా." తన గొంతు తడుముకుని, "దేవుడు నాకీ గొంతు ఎందుకిచ్చాడా అనుకునేవాణ్ణి" అన్నాడు.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చి, ఫాదర్‌ను గోడ ముందు నిలబెట్టగానే, కిటికీ బయట వీధిలో జనం మోకరించారు. మైకు పునీతుల ప్రార్థన అందుకున్నాడు. అతను ఒక్కొక్క పునీతుడి పేరూ పలుకుతుంటే, మిగతావాళ్లంతా ప్రతి పేరుకూ "మా కొరకు వేడుకొనండి" అని బదులివ్వాలి. మామూలుగా గొణుగుతారు. ఆ రోజు కిటికీ అద్దాలు అదిరాయి.

"వీళ్లకేమొచ్చింది? దేవుడికి చెవుడనుకుంటున్నారా?" అన్నాడు ఫాదర్.

"భక్తి ముదిరింది. మీరు చెయ్యెత్తండి ఫాదర్" అంది అక్క.

ఆ అమ్మాయి తెలివైనది. బదులు వచ్చినప్పుడల్లా, "ఇప్పుడు ఫాదర్!" అనేది. బయట "మా కొరకు వేడుకొనండి" అని హోరు లేచేది, లోపల వేళ్లు ఒక అంగుళం పాకేవి, మూలుగు ఆ హోరులో కలిసిపోయేది. మొదట తువ్వాలు కరిచిపట్టి మూలిగాడు. తర్వాత తువ్వాలు వదిలేశాడు. బయట ఎవరికీ వినపడడం లేదన్న ధీమాతో చిన్నపిల్లాడిలా, అమ్మా అని కూడా అరిచాడు. అక్క వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ మీద కొత్త గీత పడింది. మర్నాడు దానిమీద ఇంకొకటి.

పునీతుల పేర్లు అయిపోతే మైకు మళ్లీ మొదటికి వచ్చేవాడు. పునీతులు కూడా విసుక్కుని ఉంటారు. టైలరు ఒకరోజు గొంతు పోయి, చేతులూపుతూ బదులిచ్చాడు. గీతలు రొమ్ము నుంచి మెడకు, మెడ నుంచి గడ్డానికి, గడ్డం నుంచి కళ్లకు ఎక్కాయి. అక్కడ ఆగిపోయాయి. ఎంత హోరెత్తినా చెయ్యి అంతకుమించి లేవలేదు.

"ఆదివారం పూజ చేస్తాను" అన్నాడు ఫాదర్ ఒకరోజు. "పాత్ర తలపైకి లేస్తే ఉంటాను. లేకపోతే ఇదే చివరి పూజ. ఇక నాకు అడ్డు చెప్పకక్కా." ఆమె అడ్డు చెప్పలేదు. ఆ మాట మైకు చెవిన మాత్రం వేసింది.

ఆదివారం గుడి కిక్కిరిసింది. కొత్తగా సున్నం వేసిన గోడలు. మైకు ఎట్టకేలకు బాగుచేసిన గొట్టం. ఫాదర్ గొంతు బాగానే ఉంది, నడక బాగానే ఉంది. పాత్ర ఎత్తే వేళ వచ్చింది. అప్పుడు గంట మోగాక ఎవరూ కిక్కురుమనకూడదు, దగ్గు వచ్చినా దిగమింగుతారు. ఆ నిశ్శబ్దంలో ఫాదర్ రెండు చేతులా పాత్ర పట్టుకుని ఎత్తాడు. రొమ్ము దాటింది. గడ్డం దాటింది. కళ్ల దగ్గరికొచ్చి ఆగిపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఆయన ఇంకా పైకి నెట్టబోయాడు. అక్క ముందు బెంచీలో నిలబడి, వద్దురా వద్దురా అనుకుంటూనే ఉంది. పెదవి కొరికినా ఆగకుండా, ఆ మూలుగు గుడంతా వినిపించింది.

రెప్పపాటు కూడా ఖాళీ రాలేదు.

"మా కొరకు వేడుకొనండి!" అని మొత్తం గుడి ఒక్క గొంతుతో బదులిచ్చింది. పూజలో ఆ చోట ఆ మాట లేదు. ఎవరూ సైగ చేయలేదు, మైకు కూడా నోరెత్తి మొదలుపెట్టలేదు. అలవాటుపడిన నోళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి.

ఫాదర్ పాత్ర మీదుగా వాళ్లను చూశాడు. ఒక్కొక్క ముఖం చూశాడు. వీళ్లకు తెలుసు. మొదటిరోజు నుంచీ ప్రతి మూలుగుకూ బదులిస్తూనే ఉన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది, కళ్లు నిండాయి. ఆ తర్వాత పెదవి వదిలేసి, దాచుకోకుండా మూలిగాడు. జనం మళ్లీ బదులిచ్చారు. పాత్ర కళ్ల ఎత్తునే ఉంది. అక్కడే కాసేపు నిలిపి, నెమ్మదిగా దించి, మిగతా పూజ ముగించాడు.

పూజ బట్టలు మార్చుకునే గదిలో అక్క ఆయన భుజం మీది వస్త్రం తీస్తుంటే, మైకు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి జంకాడు.

"మీ ఆవిడ కూడా నాలాగే దాచుకుని, నేను వెళ్లాక మూలిగేదా?" అని అడిగాడు ఫాదర్.

మైకు అక్క వైపు చూసి, "అవును ఫాదర్‌గారూ" అన్నాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని చెప్పొద్దంది."

ఫాదర్ కుర్చీలో కూలబడ్డాడు. ఎడమచేత్తో ముఖం కప్పుకుని ఏడ్చాడు. గుమ్మం అవతల ఇంకా జనం ఉన్నారు, వింటున్నారు. ఆయన గొంతు తగ్గించుకోలేదు. అక్క ఊరుకోబెట్టలేదు, పక్కనే నిలబడింది. చాలాసేపటికి, "బిషప్‌గారికి ఏమని చెప్పమంటావ్?" అని అడిగింది. బయటివాళ్ల ముందు తమ్ముణ్ణి నువ్వు అనడం అదే మొదటిసారి.

"తర్వాత చూద్దాంలే అక్కా. ముందు టైలరు వాళ్లింటికి వెళ్లాలి. ఆ ముసలమ్మకు తప్పు చెప్పి వచ్చాను." లేచాడు. "మైకూ, నువ్వూ రా. ఆమె మూలుగుతుంది. మనం బదులిద్దాం."

వంగి చెప్పులు తొడుక్కోవడం ఆయనకు ఇంకా చేతకాదు. అక్క మోకాళ్ల మీద కూర్చుని తొడిగింది.