సింహం టోపీ

ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి కావడంతో ఆమెను ఇంటా బయటా అందరూ ‘డిగ్రీ’ అనే పిలిచేవారు. బల్బు మాడినా, కుళాయి కారినా "డిగ్రీని అడగండి" అనేవారు. ఆమె కూడా ఏనాడూ "నాకు తెలియదు" అన్న పాపాన పోలేదు.

నాన్న కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసేవాడు. లోపల అందరూ ముక్కు దాకా చుట్టుకుని తిరుగుతారు. ఒకరిని పిలిస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. సూపర్‌వైజరుకు విసుగొచ్చి, పేర్లు అల్లిన ఊలు టోపీలు నలభై కావాలన్నాడు. "మా డిగ్రీ అల్లుతుంది సార్" అని నాన్న అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. సోమవారం పొద్దున నమూనా చూపించాలి. నచ్చితే నలభై టోపీలూ ఆమెవే. ఏడాదిన్నరగా దరఖాస్తులు పెట్టడమే పనిగా ఉన్న ఆమెకు దొరికిన మొదటి పని అది.

నమూనా నాన్న తలకే. ఆయన గొంతుకు జడిసి తోటివాళ్ళు పెట్టిన పేరు ‘సింహం’. డిగ్రీ ఆ తలను మూడుసార్లు కొలిచి సగటు తీసింది. గ్రాఫు కాగితం మీద అక్షరాలు గీసింది. గుండ్రటి అక్షరాలు గళ్ళలో కూర్చోమని మొరాయించాయి. ‘హ’ని లొంగదీయడానికే ఒక పూట పట్టింది.

అమ్మ సంతకం చోట వేలిముద్ర వేసే మనిషి. కానీ ఆ వీధిలో సగం మంది స్వెట్టర్లు ఆవిడ అల్లినవే. కూతురి భుజం మీదుగా తొంగిచూసి, "వెనక పోయే ఎర్ర దారం కాస్త వదులుగా వదలవే. బిగిస్తే టోపీ సాగదు" అంది.

"లెక్క వేశానమ్మా."

"లెక్క సరేనే, సాగుతుందా అని!"

"దారం వేలాడితే నీటుగా ఉండదు."

"నీ ఇష్టం తల్లీ."

ఆదివారం పొద్దునకల్లా టోపీ తయారైంది. నల్లటి ఊలులో ఎర్రటి సింహం. అక్షరాలు అచ్చు వేసినట్టు ఉన్నాయి. లోపల దారాలు బట్టలారేసే తీగల్లా బిగుసుకుని ఉన్నాయి. నాన్న పెట్టుకున్నాడు. అది నడినెత్తిన ఆగిపోయింది.

"కొంచెం కిందికి లాగు నాన్నా."

"లాగితే కనుబొమలు పైకి వస్తున్నాయమ్మా."

"మరి చెవులో?"

"చెవులదేముంది, వాటి బతుకు అవి బతుకుతాయి. బాగుందే! రేపు ఇదే పెట్టుకుని వెళ్తాను."

వెళ్తాడు కూడా. అదే ఆమెకు భయం. ఆ ముంత లాంటి దాన్ని నెత్తిన పెట్టుకుని నలభై మంది ముందు నిలబడి, నవ్వులన్నీ తానే మోస్తాడు. పనీ పోతుంది. ఆమె టోపీ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, లెక్క ఎక్కడ తప్పిందో చూస్తావా?"

"లెక్కలు నాకేం తెలుసే? ఊలు ఇటివ్వు."

అమ్మ కొత్త టోపీ మొదలుపెట్టి, అంచు కాగానే దాన్ని లోపలిది బయటికి తిప్పి అల్లసాగింది. "ఇలా తిప్పితే వెనక దారం బయటి వైపు నుంచి పోతుంది. లోపలికన్నా బయట చుట్టు కాస్త పొడుగు కదా, దానంతటదే వదులవుతుంది. గళ్ళు నువ్వు చదువు."

డిగ్రీ చదివింది. "నలుపు అయిదు, ఎరుపు రెండు, నలుపు ఒకటి..." సాయంత్రం దాకా అదే పాఠం. మధ్యలో చదివిన వరసే మళ్ళీ మొదలుపెట్టింది.

"అది అయిపోయిందే. పైకి పో" అంది అమ్మ, సూదుల మీంచి తల ఎత్తకుండానే.

సోమవారం నాన్న వెంట డిగ్రీ కూడా వెళ్ళింది. సూపర్‌వైజరు టోపీని సాగదీశాడు, తిరగేశాడు, నాన్న చెవుల మీదికి లాగి చూశాడు. "దారాలు ఇంత సాఫీగా ఎలా వచ్చాయమ్మా?"

దారి పొడవునా ఆమె ఒక జవాబు సిద్ధం చేసుకుంది. అందులో ‘నిష్పత్తి’ అనే మాట రెండుసార్లు వచ్చింది. పక్కనే నాన్న అప్పటికే ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"మా అమ్మ అల్లింది సార్. నేను గళ్ళు చదివాను."

"చదువుకున్నదానివి కదా, ఆ మాత్రం చదవగలవులే" అన్నాడాయన, మిగతా ముప్పై తొమ్మిది పేర్ల జాబితా ఆమె చేతిలో పెడుతూ. "ఇవీ అలాగే చదువు."

మొదటి టోపీని పారేయడానికి నాన్న ఒప్పుకోలేదు. ఇప్పుడది టీ కెటిల్ మీద ఉంది. "సింహం చల్లారిపోతోంది, పట్టుకురావే" అని అమ్మ కేకేసినప్పుడల్లా డిగ్రీ తెచ్చిపెడుతుంది. కెటిల్‌కు మాత్రం ఆమె లెక్క వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.