నాలుగున్నర కిలోమీటర్ల అడుగు నుంచి

మూడింటికల్లా ఓడ తిప్పేస్తానని కెప్టెన్ తెగేసి చెప్పాడు. వెనక తుపాను తరుముకొస్తోంది. కెప్టెన్ మా అక్క మొగుడే గానీ, వాతావరణం దగ్గర చుట్టరికాలు చెల్లవు.

ప్రొఫెసరుగారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు. పద్నాలుగు నెలల కిందట ఆవిడ ఇక్కడే సముద్రం అడుక్కి ఒక పెట్టె దింపారు. అక్కడ భూమి ఎప్పుడెప్పుడు కదిలిందో అంతా దాన్లోనే ఉంది. వచ్చే నెల ఆవిడ రిటైరవుతున్నారు. ఇప్పుడు దొరక్కపోతే మరో ఓడ ఇవ్వరు.

వెతకడం నా పని. అంత లోతుకి వెలుగు పోదు, రేడియో పోదు, శబ్దం ఒక్కటే పోతుంది. ఓడ కింద నుంచి మిషను ఓ కూత పెడుతుంది, పెట్టె బదులు పలుకుతుంది. మధ్యలో పట్టిన సమయాన్ని బట్టి దూరం తేలుతుంది. ఇక్కడ లోతు నాలుగున్నర కిలోమీటర్లు. తెర మీద మాత్రం గంట నుంచి ఒకటే అంకె: పదిహేను వందల మీటర్లు.

"నడినీళ్లలో వేలాడుతోందన్నమాట," అన్నాడు కెప్టెన్. "కట్టిన బరువులో సగం తెగిపోయుంటుంది. పైకీ రాదు, కిందికీ పోదు. మనమేం చేస్తాం?"

నా బుర్ర వేడెక్కింది. ప్రొఫెసరుగారి మీద పడ్డాను. "బరువు ఎంత కట్టారు మేడమ్? గొలుసా, తాడా? తేలే బంతులెన్ని? కొత్తవేనా?"

"ఒక్కటడిగి ఆగు బాబూ!" అన్నారావిడ విసుగ్గా. "నువ్వు నాలుగోది అడిగాక నేను మొదటిదానికి జవాబిస్తే, ఏది దేనికో నీకెలా తెలుస్తుంది?"

చటుక్కున మిషను సెట్టింగు తెరిచి చూశాను. కిందటి వారం లోతు తక్కువ చోట పనిచేశాం. నాలుగు సెకన్లకోసారి కూత పెట్టమని మిషనుకి చెప్పింది నేనే. మార్చడం మర్చిపోయిందీ నేనే. ఇక్కడ శబ్దం వెళ్లి రావడానికి ఆరు సెకన్లు కావాలి. మొదటి కూతకి జవాబు వచ్చేసరికి రెండో కూత పెట్టి రెండు సెకన్లయ్యేది. మిషను ఆ రెండే లెక్కేసి పదిహేను వందలు చూపించింది.

"తప్పు నాదే," అని పది సెకన్లకి మార్చి మళ్లీ కూత పెట్టాను.

ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే. అయినా ఆ చిన్న శబ్దం వెలుగు దాటి, ఏ మనిషీ చూడని చీకట్లోకి ఒంటరిగా దిగుతోందని తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడిచింది. ఆరు సెకన్లు అంత పొడుగని నాకెప్పుడూ తెలీదు.

అంకె పడింది. నాలుగు వేల ఐదు వందల పది. పెట్టె పెట్టినచోటే బుద్ధిగా కూర్చునుంది. గంట నుంచి నా ప్రతి పిలుపుకీ పలుకుతూనే ఉంది. నాకు సిగ్గేసింది, దండం పెట్టాలనీ అనిపించింది.

బరువు వదిలేస్తే బంతులే పెట్టెని పైకి తేలుస్తాయి. వదిలెయ్యమని దానికి కబురంపాను. వదిలానని బదులొచ్చింది. అంకె మాత్రం కదల్లేదు. ఐదు నిమిషాలు గడిచాయి.

"బురద పట్టేసింది," అన్నారు ప్రొఫెసరుగారు.

అప్పుడు అంకె చివరి పది కాస్తా నాలుగైంది. తర్వాత నాలుగు వేల నాలుగు వందల తొంభై ఐదు.

"ఎంతసేపురా?" అన్నాడు కెప్టెన్.

"గంటా పావు. మూడు దాటుతుంది."

అతను కిటికీలోంచి మబ్బులు చూశాడు. ఇంజనుగదికి ఫోను చేసి ఆగమన్నాడు.

ప్రతి జవాబూ ముందుదానికంటే ఓ పిసరు తొందరగా వస్తోంది. ప్రొఫెసరుగారు కళ్లు తుడుచుకోకుండానే ఒక్కో అంకెనీ పైకి చదివారు.