ఏడవకు అన్న గొంతు

నాగేంద్రబాబుది మలికిపురం దగ్గర పల్లె. కువైట్‌లో సభలకీ పాటల కార్యక్రమాలకీ స్టేజీలు కట్టే కంపెనీలో పనిచేస్తాడు. అమ్ఘరాలోని గోడౌన్ నుంచి ఇనప ఫ్రేములూ లైట్లూ లారీకెక్కించడం, బిగించడం, అయ్యాక విప్పడం అతని పని. భార్య సత్యదుర్గ బ్నీద్ అల్ గార్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తూ అక్కడే ఉంటుంది. ఇద్దరూ కలుసుకునేది శుక్రవారాలే.

నాలుగేళ్ల క్రితం ఒక స్కూలు ఆడిటోరియంలో కొరియావాళ్ల కార్యక్రమానికి స్టేజీ వేశారు. సియోల్ నుంచి ‘ఓనుల్’ అనే బృందం వచ్చింది. ఐదుగురు కుర్రాళ్లు. అప్పటికి వాళ్ల పేరు ఎవరూ వినలేదు. ఆరువందల కుర్చీలుంటే అరవై మంది కూడా రాలేదు. రెండో పాటలో అందరికంటే చిన్నవాడు, దోయున్, కాలు జారి పడ్డాడు. లేచి ఎలాగో పాట ముగించాడు గానీ, తెర వెనక్కి రాగానే లైట్ల పెట్టెల మధ్య కూలబడి, మోకాళ్లలో తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాగేంద్రబాబు ఫోన్ తీశాడు.

“చూడండ్రా, మగాళ్లంట ఈళ్లు! ఏడవకురా బాబూ, లిప్‌స్టిక్కు చెరిగిపోద్ది! ఇంటికెళ్లి గాజులేసుకో!” అని పగలబడి నవ్వుతూ వీడియో తీశాడు.

పక్కనే వైర్లు చుడుతున్న సుబ్బన్న మొహం చిట్లించాడు. రాయచోటి మనిషి, అందరికంటే పెద్దవాడు, వీళ్ల మేస్త్రీ. “ఏం మనిషివబ్బా నువ్వు? వాని కండ్లనీళ్లు నీకు తమాసాగా ఉండాయా? తీసేయ్ దాన్ని.”

తీసేయలేదు. రూంలోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వారు.

సుబ్బన్నకి తెలియని సంగతి ఒకటుంది. నాగేంద్రబాబు కూడా ఒకప్పుడు తీర్థాల్లో, జాతరల్లో స్టేజీ ఎక్కి డాన్సు చేసినవాడే. కొత్తగా పెళ్లయిన రోజుల్లో, రాజోలు దగ్గర ఒక ప్రోగ్రాంలో అడుగు తప్పితే జనం ఈలలేసి, “గాజులేసుకోరా” అని అరిచి దింపేశారు. ఆ తర్వాత మళ్లీ స్టేజీ ఎక్కలేదు. తనని కోసిన ఆ మాటే ఆరోజు తన నోట్లోంచి వచ్చింది.

ఓనుల్ రోజులు మారాయి. మరుసటి ఏడాది వాళ్లు ప్రాక్టీసు గదిలో మామూలు బట్టలతో తీసిన ఒక పాట ఊరూవాడా పాకింది. కొరియా టీవీ పాటల పోటీలో మొదటిసారి గెలిచారు. తర్వాత జకార్తా, టోక్యో, లండన్. చిన్న హాళ్లు పోయి స్టేడియాలు వచ్చాయి. జారిపడిన దోయున్ ఇప్పుడు అందరికంటే ముందు నిలబడేవాడు. కువైట్‌లోని షర్క్ సెంటర్లో పెద్ద తెర మీద అతని మొహం కనబడితే నాగేంద్రబాబు చూపు తిప్పుకునేవాడు.

ఒక శుక్రవారం సత్యదుర్గ తెచ్చిన అన్నం మూట విప్పకుండానే కూర్చుంది.

“మా ఇంట్లో లతీఫా పాపకి ఆ కొరియా పిల్లలంటే ప్రాణవండి. దోయున్ ఏడుస్తున్న వీడియో ఎవరో పెట్టారంట, నిన్న చూపించింది. డ్రమ్ముల మోతలో మాటలు సరిగ్గా వినబడ్డం లేదు. ‘ఇది ఏ భాషో నీకేమైనా తెలుసా సత్యా’ అనడిగింది.”

నాగేంద్రబాబు ఆ మూట అందుకుని ముడి విప్పబోయాడు.

“ఆ గొంతు మీదేనండి. ఆ నవ్వూ మీదే. తెలీదన్నాను. మన భాషే నాకు తెలీదన్నాను.” సత్యదుర్గ మూట తనవైపు లాక్కుంది. “రాజోలు నుంచొచ్చి మూడ్రోజులు గోడవేపు తిరిగి పడుకున్నారు. అదంతా చూసినదాన్ని. మీకెలా నోరొచ్చిందండీ?”

ఆ మరుసటి వారమే ఓనుల్ కువైట్ వస్తోంది. తనని వేరే పనికి పంపమని నాగేంద్రబాబు బతిమాలాడు. సుబ్బన్న ఒప్పుకోలేదు. “ఎన్నాళ్లని దాక్కుంటావు? పోయి ఆ పిల్లోనికి చెప్పుకో.”

రిహార్సలు రోజు మధ్యాహ్నం దోయున్ స్టేజీ కట్టినవాళ్లందరికీ వంగి దండం పెడుతూ వచ్చాడు. వెంట షబ్నమ్ అనే ఢిల్లీ అమ్మాయి ఉంది. కొరియా భాష నేర్చుకుని దుబాసీ పని చేస్తోంది. నాగేంద్రబాబు ముందుకొచ్చి, హిందీలో, “మేడం, ఆ ఏడ్చే వీడియో తీసింది నేనే,” అన్నాడు.

ఆమె కంగారుగా దోయున్‌కి చెప్పింది. అతను నాగేంద్రబాబు వైపు తిరిగి ఏదో అడిగాడు.

“ఆరోజు మీరేమన్నారో తెలుసుకోవాలని ఉందట,” అంది షబ్నమ్.

క్షమించమని అడగడానికే వచ్చాడు. ఆ మాట నాలుక మీదే ఉంది. కానీ దోయున్ మొహంలో కోపం లేదు. మంచి మాటేదో వినాలని ఎదురుచూస్తున్నట్టుంది.

“ఏడవకు తమ్ముడూ, లేచి నిలబడు, అన్నాను మేడం. మాది తెలుగు.”

“మరి ఆ నవ్వు?” అంది షబ్నమ్.

“అది నాది కాదు. పక్కనున్నవాళ్లది.”

పక్కనే నట్లు బిగిస్తున్న సుబ్బన్నకి హిందీ వచ్చు. చేతిలో స్పానర్ పెట్టెలో పడేసి అక్కడినుంచి వెళ్లిపోయాడు.

దోయున్ రెండు చేతులతో నాగేంద్రబాబు చేతులు పట్టుకున్నాడు. భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. ఫొటో పంపిస్తామని షబ్నమ్ అతని నంబరు తీసుకుంది.

ఆ సాయంత్రం వేలమంది ముందు దోయున్ ఆ కథ చెప్పాడు. ఈ ఊళ్లోనే పడ్డాననీ, ఒక తెలుగు అన్న ‘లే’ అన్నాడనీ. హాలు దద్దరిల్లింది. నాగేంద్రబాబు స్టేజీ కింద తల పట్టుకుని కూర్చున్నాడు. రాజోలులో ఈలలు విన్నప్పుడు కూడా ఇంత కుంగిపోలేదు.

మర్నాడు సత్యదుర్గ ఫోన్ చేసింది. “నీది తెలుగే కదా సత్యా, దోయున్ చెప్పింది నిజమేనా అనడిగిందండి పాప. నిజమేనన్నాను. మొన్నో అబద్ధం, ఇవాళ ఇంకోటి. ఖలాస్, ఇంక నావల్ల కాదు.”

ఇంకో రెండు రోజులకి ఎవరో తెలుగు విద్యార్థిని మాటలు జాగ్రత్తగా విని, వీడియో కింద అర్థం రాసేసింది. లిప్‌స్టిక్కు, గాజులు, అన్నీ.

ఆ మధ్యాహ్నం గోడౌన్‌లో ఉండగా షబ్నమ్ నుంచి ఫోన్ వచ్చింది. “దోయున్ పక్కనే ఉన్నాడు. మీరు చెప్పింది నిజమా, అక్కడ రాసింది నిజమా?”

“అక్కడ రాసిందే నిజం మేడం. నవ్వింది కూడా నేనే.”

రాజోలు సంగతి చెబుదామనిపించింది. చెబితే జాలి అడుక్కున్నట్టుంటుందని మింగేశాడు. “క్షమించమన్నానని చెప్పండి.”

అవతల కొరియా భాషలో మాటలు. తర్వాత ఒకే ఒక్క మాట.

“ఏమన్నాడు మేడం?”

“సరే అన్నాడు.”

“ఇంకేం అనలేదా?”

“లేదు,” అని ఫోన్ పెట్టేసింది.

నాగేంద్రబాబు నేరుగా సుబ్బన్న దగ్గరికి వెళ్లాడు. “అన్నా, ఆ నవ్వు మీదేనని చెప్పాను.”

“ఇన్నాలే. అది నాతో చెప్పేదానికి నాలుగు దినాలు పట్టింది నీకు,” అన్నాడు సుబ్బన్న, తలెత్తకుండా.

శుక్రవారం బ్నీద్ అల్ గార్ వెళ్లాడు. సత్యదుర్గ గేటు దగ్గరే నిలబడి ఉంది. లతీఫాకి అంతా చెప్పేసిందట, ఆ గొంతు తన మొగుడిదని కూడా. పాప రెండు రోజులుగా తనతో మాట్లాడటం లేదట.

“మామాకి, అదే వాళ్లమ్మకి, చెప్పలేదండి పాప. చెబితే నన్ను పంపేస్తారని ఆగింది,” అంది సత్యదుర్గ. “పదహారేళ్ల పిల్లకి ఉన్న బుద్ధి...”

నాగేంద్రబాబు ఆవిడ మొహం వైపు చూడలేకపోయాడు.