ఓరచూపు వయొలిన్

ఫెర్మో బెల్లోని మేడమీద దండేనికి వేలాడుతున్న వయొలిన్ వీపు మీద మెటిక ఆనించి చూశాడు. జిగట లేదు. వేసవి ఎండంతా తాగి వార్నిష్ గట్టిపడింది. పక్కనే భార్య ఓర్సోలా తడి దుప్పట్లు ఆరవేస్తోంది.

"నీ బిడ్డని అవతలికి జరుపయ్యా. నా దుప్పటికి ఎరుపు అంటిందంటే ఇద్దర్నీ కలిపి ఉతికేస్తా."

"ఆరిపోయిందే. కిందికి దించేస్తున్నా."

ఆయన వేళ్ళు పొట్టివి. గోళ్ళ అంచుల్లో చేరిన జిగురు ఎంత కడిగినా వదలదు. వయసులో ఉన్నన్నాళ్ళూ క్రెమోనాలోని ఒక పెద్ద దుకాణంలో వయొలిన్లకు మెడలు చెక్కాడు. లోపల అతికించే చీటీ మీద ఎప్పుడూ యజమాని పేరే ఉండేది. దానికి ఆయన బాధపడిందీ లేదు. పని బాగుండేది, మధ్యాహ్నం సూపు వేడిగా ఉండేది. ముసలితనంలోనే ఇంట్లో సొంతంగా మొదలుపెట్టాడు.

పెద్ద చర్చిలో వాయించే ఎవరిస్టో కోసం చేసిన ఈ వయొలిన్‌కి ఒక లోపం ఉంది. పైపలకలో కోసిన రెండు వంపు రంధ్రాల్లో ఎడమది వడ్లగింజంత కిందికి దిగింది. చూపు ఆనక, గీతను వేలితో తడుముకుంటూ కోశాడు. పలక మార్చేవాడే. కానీ గోటితో తట్టినప్పుడు అది పలికిన తీరు విన్నాక పారేయడానికి మనసొప్పలేదు. "ఎవరిస్టో దీన్ని వద్దంటే ఇక నేను కత్తి పట్టనే," అని ఓర్సోలాతో ముందే చెప్పాడు.

తీగలు బిగించేసరికి ఎవరిస్టో రానే వచ్చాడు. వయొలిన్‌ని కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు.

"ఇదేమిటి మేస్త్రీగారూ, మా అత్తలాగా ఓరగా చూస్తోంది?"

ఫెర్మో చెవులు ఎర్రబడ్డాయి. "పాడైంది నా చూపు నాయనా. దానిదేం తప్పు లేదు."

ఎవరిస్టో గడ్డం కింద ఆనించుకుని, మొహమాటానికన్నట్టు నాలుగు స్వరాలు తీశాడు. ఆగాడు. కింది తీగ మీద మళ్ళీ అవే తీశాడు, ఈసారి నిదానంగా. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఓర్సోలా పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మా అత్తకి ఈ గొంతు మాత్రం లేదు," అన్నాడు ఎవరిస్టో చివరికి. "ఆదివారం పూజకి ఇదే తీసుకెళ్తా. మా తమ్ముడికీ ఒకటి చేసిపెట్టండి. ఆ ఓరచూపు కూడా ఉండాలి సుమా!"

అతను వెళ్ళగానే ఫెర్మో కొత్త పలక దించి బల్ల మీద పరిచాడు. ఓర్సోలా ఆవఘాటు పాకంలో ఊరిన బేరిపండు తెచ్చిచ్చింది.

"తిని చేతులు కడుక్కో. పాకం చేతుల్తో కర్ర ముట్టకు."

"సరేనే," అని ఆ చేతుల్తోనే ముట్టాడు.

ఆమె తిట్టుకుంటూ దుప్పట్లు తేవడానికి మేడెక్కింది. దిగి వచ్చేసరికి ఆయన కుర్చీలో గోడకు తల ఆనించి ఉన్నాడు. "భోజనం వేళ నిద్రేమిటయ్యా?" అంటూ భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. తర్వాత మెల్లగా పక్కన కూర్చుని, ఇంకా వెచ్చగా ఉన్న ఆ పొట్టి వేళ్ళను తన ఒళ్ళోకి తీసుకుంది.

బల్ల మీద పలక అలాగే ఉంది. దాని మీద వయొలిన్‌కి ఒక పక్క వంపు మాత్రమే గీసి ఉంది. నడుము దగ్గర, పాకం అంటిన బొటనవేలి ముద్ర ఇంకా తడిగా మెరుస్తోంది.