చిక్కమ్మ ఒక్కపొద్దులు

పెన్నాగరం పక్కన తమిళ సీమలోని పిక్కిలిలో జయప్రకాశ్‌ను కలెక్టరని పిలిచేది గౌరవానికి కాదు, ఎగతాళికి. పదకొండేండ్లు సర్కారు పరీక్షలు రాసినాడు ఆ మనిషి. ఒకసారి రెండు మార్కుల్లో పోయిందన్నాడు, ఇంకోసారి అర మార్కులో పోయిందన్నాడు, కడాకు వయసే దాటిపోయింది. నలభై నిండేటప్పటికి వాని దగ్గర మిగిలింది ఒక ఇనప పెట్టె నిండా పుస్తకాలు, తల నిండా ఊర్లో ఎవురికీ అక్కరలేని సంగతులు. ఏ నది యాడ పుట్టింది, ఏ చట్టం ఏ సంవత్సరం వచ్చింది అని అడిగితే నిద్రలో లేపినా చెప్తాడు. చేనుకు నీళ్లు కట్టరా అంటే మాత్రం పార యాడుందో వెతుక్కోవాల. టీ అంగడి ధర్మరాజ్ వాన్ని చూసినప్పుడల్లా "కలెక్టరు సారుకు ఒక టీ" అని గట్టిగా అనేవాడు. బెంచీ మీద కూర్చున్నోళ్లు నవ్వేవాళ్లు, ఒక్కడూ జరిగి చోటిచ్చేవాడు కాదు. వాడూ నవ్వి, నిలబడే టీ తాగి ఇంటికొచ్చేసేవాడు. నవ్వకపోతే ఏం జేస్తాడు పాపం.

అట్లాంటోడు మెడ్రాసులో ఒక తమిళ టీవీ వాళ్లు పెట్టే ప్రశ్నల పోటీకి పేరు రాసి పంపినాడు. పిలుపొచ్చింది. ఆ పోటీ పద్ధతి ఏమంటే, గెలిచినోడు మరుసటి దినం ఇంకొకరితో కూర్చోవాల, ఓడినోడు ఇంటికి పోవాల. అయితే టీవీలో ఒక్కో దినం చూపించే ఆటలు అక్కడ ఒకే దినంలో అయిదు ముగించేస్తారు. పదిహేను దినాలకొకసారి పిలిచి, రెండు దినాలు కూర్చోబెట్టి, పది ఆటలు తీసుకొని పంపిస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఏడున్నరకు ఒక్కొక్కటే వదుల్తారు. మనం చూసేటప్పటికి అది ఎప్పుడో అయిపోయిన ఆట.

మొదటిసారి బయల్దేరే ముందు వాళ్లమ్మ చిక్కమ్మ మారెమ్మ గుడికి పోయి మొక్కుకొనింది. నా కొడుకు ఓడిపోయేదాకా, వాడు టీవీలో కనపడే ప్రతి దినమూ ఒక్కపొద్దు ఉంటాను తల్లీ అని. పొద్దన్నుంచి నోట్లో మెతుకు పెట్టేది లేదు. ఏడున్నర ఆట ముగిసినంకనే సంగటి ముద్ద, అదే ఆ దినానికంతా తిండి. ఆమెకు అరవై ఎనిమిదేండ్లు, పైగా చక్కెర జబ్బు. కానీ మొక్కేటప్పుడు ఆమె కూడా ఊరందరి మాదిరే అనుకునింది, పోతే మూడు దినాలు, నాలుగు దినాలు, మావాడు వచ్చేస్తాడులే అని. కన్నకొడుకే అయినా పదకొండేండ్లు చూసింది గదా.

వాడు ఓడి రాలేదు. గెలుస్తానే పోయినాడు. మూడు తడవలు మెడ్రాసు పోయొచ్చినాడు, ముప్పై ఆటలు గెలిచినాడు. టీవీలో పది దాటేటప్పటికి ధర్మరాజ్ అంగడిలో పెద్ద టీవీ పెట్టించినాడు. సాయంత్రం ఏడైతే చేన్ల కాడ నుంచి నేరుగా అంగడికే వచ్చేవాళ్లు జనం. ఒక దినం జయప్రకాశ్ పోతానే బెంచీ మీద వాళ్లు లేచి నిలబడినారు. "కూర్చోండి సారు" అన్నాడు ధర్మరాజ్, ఈసారి నవ్వకుండా. వాడు కూర్చున్నాడు. కూర్చొని టీ తాగినాడు. ఆ టీ రుచి ఎట్లుండిందో మనకు తెలీదు, మనల్ని పదకొండేండ్లు ఎవురూ నిలబెట్టలేదు.

నాలుగో తడవ పోయినప్పుడు ముప్పై ఏడు దాకా గెలిచి, ముప్పై ఎనిమిదో ఆటలో ఓడిపోయినాడు. ఎదురుగా కూర్చునింది కనిమొళి అని ఒక కాలేజీ పిల్ల. ఇద్దరూ సమానంగా ఉండారు, ఆఖరి ప్రశ్న. తెర మీద ఒక కంకి బొమ్మ వేసినారు. రెండు మూడు కొసలుగా చీలి, ఒక పక్కకే వరసగా గింజలు అంటుకొన్న కంకి. ఇది ఏ ధాన్యం అని అడిగినారు. పది సెకన్లు.

వానికి తెలుసు. చూస్తానే తెలిసింది. వాడు పదేండ్ల పిల్లోడుగా ఉండేదాకా పై చేన్లో వాళ్లమ్మ ఒక చాలు వేసేది. ఆరికలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అయితే అది ఇంటి మాట. వాళ్లిండ్లల్లో తెలుగు గడప లోపల మాట్లాడుకునేదే గానీ, బడిలో గానీ ఆఫీసులో గానీ బయటికి తీసేది కాదు. చిన్నప్పుడు బడిలో ఒకసారి ఇంటి మాట వాడితే క్లాసంతా నవ్వినారు, అప్పట్నుంచి వాడు దాన్ని బయట వాడిందే లేదు. దానికి తమిళంలో ఏమంటారు? వరగు అనే పేరు పుస్తకంలో వెయ్యిసార్లు చదివినాడు, దాని మేలు కీడు అన్నీ కంఠతా వచ్చు. ఆ పుస్తకంలో పేరూ, చేన్లో కంకీ ఒకటేనని మాత్రం వానికి ఎవురూ చెప్పలేదు, వాడూ ఎప్పుడూ అడగలేదు. ఎనిమిది సెకన్లయింది. ఇంటి మాటను మింగేసి, నోటికొచ్చిన ఇంకో తమిళ పేరు, మనం ఊదలనేది, "కుదిరైవాలి" అన్నాడు.

తప్పు. ఆ పిల్ల వరగు అనింది, గెలిచింది. లేచి వచ్చి వాని కాళ్లు మొక్కబోతే వాడు వద్దన్నాడు.

బయట కుర్చీలో కూర్చొని నీళ్లు తాగుతుంటే, పోటీ పనులు చూసుకునే ఒకామె వచ్చి పలకరించింది. మాటల్లో మాటగా వాడు మా ఇంట్లో దాన్ని ఇట్లంటారు అని చెప్పినాడు. ఆమె తల పట్టుకునింది. ఏ భాషలో పేరు చెప్పినా మేము సరి చూసుకొని ఒప్పుకొంటాము గదా సారు, మొదటి దినమే చెప్పినాము గదా అనింది. చెప్పిన మాట నిజమే. అది వేరే వాళ్ల కోసరం అనుకొన్నాడు వాడు.

ఇంకొక సంగతి ఉంది. టీవీలో చూపించేదాకా గెలుపోటములు ఇంట్లో వాళ్లకు సుకా చెప్పకూడదని వాని చేత ముందే సంతకం పెట్టించుకొన్నారు. చెప్తే బహుమానం ఇయ్యరు.

ఒక శుక్రవారం సాయంత్రం బస్సు దిగి ఊర్లోకి వచ్చినాడు. అంగడిలో అప్పుడే వాని పదిహేనో గెలుపు చూసి చప్పట్లు కొడతా ఉండారు. ఇంట్లో చిక్కమ్మ సంగటి ముద్ద ముందర పెట్టుకొని కూర్చోనుంది, దినమంతటికీ అదే మొదటి తిండి. గడపలో వాన్ని చూసి, చెయ్యి ఆపి, ఈ తడవ కూడా గెలిచినావా నాయనా అని అడిగింది. సంతకం పెట్టినా పెట్టకపోయినా, తల్లికి చెప్పాలనే వాడు బస్సులో దారంతా అనుకొని వచ్చినాడు. నోరు తెరిస్తే "గెలిచినాను మా" అని వచ్చింది.

అక్కడ్నుంచి మొదలైంది. రేపు చెప్తాను అనుకొన్నాడు. రేపు అంగడిలో బెంచీ ఖాళీ చేసి పెట్టినారు. సోమవారం పదహారోది, మంగళవారం పదిహేడోది. ఓడినోడు బెంచీ మీద కూర్చొని తాను గెలిచేది చూస్తా ఉండాడు. చుట్టూ చప్పట్లు. సంతకం పెట్టినాను గదా, చెప్పకూడదు గదా అని వానికి వాడే సర్దిచెప్పుకొన్నాడు. ఉత్త మాట. సంతకం లేకపోయినా చెప్పిండడు. ఆ బెంచీ మీద ఇంకొక్క సాయంత్రం, ఇంకొక్క సాయంత్రం, అంతే వానికి కావలసింది.

చిక్కమ్మ చిక్కిపోతా వచ్చింది. రవికె చేతులు వదులైనాయి, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు ఒకసారి ఆగి ఊపిరి తీసుకొంటా ఉండింది. మళ్లీ ఎప్పుడు పిలుస్తారని అడిగేది. వచ్చే వారం అనేవాడు. ఇంక కొన్నాళ్లే గదా, ఓర్చుకొంటాలే అనేది. పక్కింటి అక్కమ్మ, మధ్యాన్నం ఒక గ్లాసు మజ్జిగన్నా తాగు వదినా అని బతిమాలితే, ఇప్పుడు నేను తప్పితే అక్కడ వాడు తప్పుతాడు అనింది. ఆ మాట వాడు లోపల గదిలో నుంచి విన్నాడు. విని, చొక్కా వేసుకొని, అంగడికి పోయినాడు. వాని మీద కోపమొస్తుంది చెప్పాలంటే.

టీవీలో ఇరవై తొమ్మిదో ఆట చూపించాల్సిన దినం, పొద్దున పది గంటలప్పుడు, వేరుశెనగ చేన్లో కలుపు తీస్తా చిక్కమ్మ చాలులోనే పడిపోయింది. అక్కమ్మ కేకేస్తే జనం పరిగెత్తినారు. ఎవరిదో ఆటోలో వేసుకొని పెన్నాగరం ఆసుపత్రికి తీసుకొని పోయినారు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. చేతికి సూది గుచ్చి చక్కెర నీళ్లు ఎక్కిస్తా, నర్సమ్మ జయప్రకాశ్‌ను అడిగింది. ఎప్పుడు తినింది? నిన్న రాత్రి. పొద్దున చక్కెర మాత్ర వేసుకునిందా? వేసుకునింది. ఉత్తకడుపుతోనా? ఉత్తకడుపుతోనే. ఆమె వాని మొహం తేరిపార చూసి, మీరు టీవీలో వచ్చే సారు గదా, ఇది మీకు తెలీదా అనింది. ఎగతాళి లేదు ఆ మాటలో, నిజంగానే అడిగింది. వానికి తెలుసు. చక్కెర జబ్బుకు మందు కనిపెట్టింది ఎవురు, ఏ సంవత్సరం అనే ప్రశ్నకు పన్నెండో ఆటలో గంట మోగక ముందే జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకొన్నోడు.

మధ్యాన్నం దాటినంక చిక్కమ్మకు తెలివొచ్చింది. మంచం పక్కన ఉండేది వాడొక్కడే. ఆమె కండ్లు తెరిచి, పొద్దెంత అయింది, ఏడున్నర అయిందా అని అడిగింది.

"మా, నేను ఓడిపోయినాను," అన్నాడు.

ఎప్పుడని అడిగింది. పోయిన తడవ మెడ్రాసు పోయినప్పుడే, నువ్వు సంగటి ముందర పెట్టుకొని అడిగేటప్పటికే ఓడిపోయుండాను అని చెప్పినాడు. ఆమె సూది లేని చెయ్యి మెల్లగా ఎత్తి, బొటనవేలితో వేళ్ల గణుపులు ఒక్కొక్కటే తాకుతా పోయింది. పదమూడు దాకా పోయి, పద్నాలుగో దాని మీద ఆపింది. తర్వాత, ఏ ప్రశ్నకు ఓడినావు అని అడిగింది. వాడు కంకి సంగతి చెప్పినాడు.

"అది ఆరిక గదరా. నీకు మొట్టమొదట తినిపించిన అన్నం అదే."

"తెలుసు మా. నోటిదాకా వచ్చింది. అంతమంది ముందర మన మాట చెప్పేదానికి సిగ్గయింది."

చిక్కమ్మ మొహం గోడ పక్కకు తిప్పుకునింది. పక్క మంచం కాడ ఎవరో పసిపిల్లను జోకొడతా ఉండారు. వాడు ఏడ్చినాడు, దాచుకోలేదు. ఆమె మళ్లీ ఇటు తిరిగినప్పుడు ఆమె కండ్లల్లో నీళ్లు లేవు.

"అయితే నేను ఈ పద్నాలుగు పొద్దులూ ఎవురి కోసరం ఉన్నానురా?"

సంతకం సంగతి చెప్పొచ్చు వాడు. బహుమానం పోతుందని దాచినాను అంటే ఆమె నమ్మేది కూడా. వాడు చెప్పలేదు.

"బెంచీ కోసరం మా," అన్నాడు. "అంగడిలో నాకు కూర్చునేదానికి చోటిస్తా ఉండారు. అది పోతుందని నిన్ను పస్తు పెట్టినాను."

చిక్కమ్మ వాన్ని చూసింది. పదకొండేండ్లు వాడు నిలబడి టీ తాగింది ఆమెకు తెలుసని వానికి తెలీదు. అంగడికి పాలు పోసేదానికి పోయినప్పుడల్లా చూసింది. చూసి, చూడనట్ల వచ్చేసింది.

"ఆ మాట నాతో అప్పుడే చెప్పింటే," అనింది, "దాని కోసరమే ఉండిందును గదరా."

అని, ఆకలేస్తా ఉంది, తినేదానికి ఏమన్నా తెమ్మనింది. వాడు బయట అంగడికి పోయి ఇడ్లీలు తెచ్చి, విరిచి, నోటికి అందించినాడు. మూడు తినింది, నాలుగోది వాన్నే తినమనింది.

ఆ దినం నుంచి టీవీలో వాడు ఇంకా తొమ్మిది ఆటలు గెలిచినాడు. ఆ తొమ్మిది సాయంత్రాలూ అంగడికి పోలేదు. సారు ఎందుకు రావట్లేదని ధర్మరాజ్ మనిషిని పంపినాడు, అమ్మకు బాగలేదని వాడు చెప్పి పంపినాడు. అదీ నిజమే. మూడు పూటలా వాడే వండినాడు, మాత్రలు వాడే చేతికిచ్చినాడు. సంగటి ఉండలు కట్టింది, చిక్కమ్మ మాత్రం వంక పెట్టకుండా తినింది.

ముప్పై ఎనిమిదో ఆట చూపించే దినం ఆమె పొద్దున్నే అటక మీద నుంచి కుండ దించమనింది. దాని నిండా విత్తనానికి దాచుకొన్న ఆరికలు, ఎన్నేండ్లయినా పురుగు పట్టని గింజలు ఉండాయి. చాలులో వేసేది మానేసినా, ఆ కుండ మాత్రం ఆమె పారేయలేదు. అక్కమ్మ సాయంతో దంచి, సాయంత్రానికి అన్నం వండింది. ఎవరెవరికి కబురు చేసిందో గానీ, ఏడున్నరకు ఇంట్లో కూర్చునేదానికి చోటు లేదు. ధర్మరాజ్ సుకా అంగడి మూసి వచ్చినాడు. వచ్చినోళ్లకందరికీ ముందే ఆకులు వేసి ఆమే వడ్డించింది, అన్నాళ్లు ఆట ముగిసినంకనే తిన్న మనిషి ఆ దినం అందరికంటే ముందర తాను తినింది. ఇదేం అన్నం చిక్కమ్మా అని ఎవరో అడిగితే, కొంచెం ఆగండి, టీవీలో చెప్తారు అనింది.

ఆఖరి ప్రశ్న వచ్చింది. తెర మీద కంకి పడింది. టీవీలో జయప్రకాశ్ నోరు తెరిచి, మూసి, గుటక వేసినాడు. టీవీలో వాడు తప్పు చెప్పక ముందే, చిక్కమ్మ పక్కన కూర్చున్న కొడుకు మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు చెప్పు," అనింది.

"ఆరిక," అన్నాడు జయప్రకాశ్, అందరికీ వినపడేట్ల.

అందరూ వాని పక్కకు తిరిగినారు. వెనక టీవీలో గంట మోగింది, కుదిరైవాలి తప్పన్నారు, వరగు అని ఆ పిల్ల గెలిచిందన్నారు. ధర్మరాజ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిక్కమ్మ లేచి, గంటె తీసుకొని, ఇంకెవురికి కావాల అని అడిగింది.