బంకమట్టి పూసిన విత్తనం

విత్తనపు బంగాళాదుంపను తోలు చూసి కొనేవాడు సగం కళ్లతోనే కొన్నట్టు. నికాసియాకు ఆ సంగతి తెలుసు కనుకే, ఆదివారం సంతలో బస్తాలు దించగానే ఒక దుంప తీసి తిప్పి చూసింది. చిన్న బొక్క. లోపల తెల్లపురుగు. మరొకటి తీసింది. అందులోనూ అంతే.

ఆ ఏడు కొండమీద పురుగు తగలని చేను లేదు. బార్లీ వడగళ్లకు పోయింది. ఈ ఎనిమిది బస్తాల విత్తనానికి మారుగా లోయవాళ్లు ఇచ్చే మొక్కజొన్నే చలికాలమంతా ఆమెకూ, ఇంకా పసివాళ్లైన ఇద్దరు కూతుళ్లకూ తిండి.

వరుసలోని ఆడవాళ్లందరూ ఏటి ఒడ్డున దొరికే నల్ల బంకమట్టి తెచ్చుకుని, బొక్కల్లో మెత్తి పైన పొడిమన్ను చల్లుతున్నారు. ఎవరైనా అడిగితే, మట్టి పట్టిస్తే విత్తనం త్వరపడి మొలకెత్తదని చెప్పాలని ముందే అనుకున్నారు. పక్కన కూర్చున్న కసిమీర, నికాసియా పెద్దకూతురికి జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న జ్ఞానతల్లి, తన మట్టి ముంత ఇటు జరిపింది.

"పూయవే వదినా. ఊరంతా పూస్తుంటే నువ్వొక్కదానివి కడిగిన ముత్యంలా కూర్చుంటే నిన్నెవరు చూస్తారు?"

"పురుగు వాళ్ల చేలో దిగితే మళ్లీ ఏళ్ల తరబడి వదలదే."

"వాళ్ల చేను వాళ్లు చూసుకుంటారు. నీ కుండ సంగతి నువ్వు చూసుకో."

పూస్తే మొక్కజొన్న ఖాయం, పూయకపోతే పస్తు ఖాయం. కసిమీర లెక్కలో తప్పు వెతికినా దొరకలేదు. నికాసియా వేళ్లు ముంతలో పెట్టి మూడు దుంపలు పూసింది కూడా.

అంతలో లోయ నుంచి తెయోదోసియో ముసలాయన గాడిదలతో వచ్చాడు. ఆమె తల్లి నాటి నుంచి ఆ ఇంటి విత్తనమే తీసుకెళతాడు. ఎన్నడూ కోసి చూడలేదు. కోస్తే ఇచ్చేవాళ్లను అవమానించినట్టని ఆయన పట్టింపు. కుశలం అడిగి, నమలడానికి పిడికెడు కోకా ఆకులు ఆమె ఒడిలో వేసి, గాడిద మీది మొక్కజొన్న బస్తా తాడు విప్పసాగాడు.

నికాసియా అది చూస్తూ కూర్చోలేకపోయింది. పూసిన దుంప ఒకటి తీసి చాకుతో రెండు చెక్కలు చేసి, ఆయన అరచేతిలో పెట్టింది.

"విత్తనానికి పనికిరాదు పెద్దయ్యా."

ముసలాయన చెక్కల్లోని పురుగును చూశాడు. తాడు మళ్లీ బిగించాడు. విత్తనం లేకుండా ఆయన మాత్రం ఎలా తిరిగిపోతాడు? కసిమీర దుంపలు పరిచిన దుప్పటి వైపు నడిచాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఆమెకు పోయేది మొక్కజొన్న ఒక్కటే.

"అక్కడా కోసి చూడండి" అంది.

ముసలాయన కోశాడు. ఆయన వెనక వచ్చినవాళ్లూ కోశారు. మధ్యాహ్నానికి గాడిదలన్నీ దించని బస్తాలతోనే కొండ దిగిపోయాయి. కసిమీర ముంత బోర్లించి, ముఖం చూడకుండానే అంది: "నీ పిల్లకు నేనూ తల్లినే అనుకున్నా. ఇక ఆ వరస లేదు."

ఆ కొండల్లో జూన్ అంటే చలికాలం, మంచు గట్టిగా పడింది. నికాసియా దుంపలన్నీ గడ్డి మీద పరిచింది. రాత్రులు గడ్డకట్టినవాటిని పొద్దెక్కాక కాళ్లతో తొక్కి నీరు పిండి ఎండబెడితే ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఏటా ఆ తొక్కుడుకు పదిమంది ఆడవాళ్లు వచ్చేవారు, వాళ్ల చేలకు ఆమె వెళ్లేది. ఈసారి పదిమందీ కసిమీర చేలో ఉన్నారు. నవ్వులు ఇటువరకూ వినిపిస్తున్నాయి. ఇటు ఎవరూ తల తిప్పలేదు.

పురుగు తిన్నది ఏరేస్తే ఎనిమిది బస్తాలూ ఎండి ఒకటిన్నర అవుతాయి. ముగ్గురికీ ఆ తిండి ఆగస్టు దాటదు, కొత్త పంటకు ఇంకా నెలలు పడుతుంది. పైగా ఒక్కతే అంతా తొక్కలేదు. తొక్కనివి ఎండకు మెత్తబడి కుళ్లిపోతాయి. అది తెలిసి, నికాసియా పురుగు తక్కువగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టింది.