పంబ మోత ఆగినాక

పంబ డోలు మోగుతుంది కాబట్టి అమ్మవారు వస్తుందా, అమ్మవారు వచ్చే వేళకు పంబ దానంతటది ఊపందుకుంటుందా అన్న అనుమానం బాలసుబ్రమణ్యానికి చిన్నప్పటి నుంచీ ఉంది. అడిగితే కళ్ళు పోతాయేమోనని ఎవరినీ అడగలేదు. మంగళవారం మంగళవారం గంగమ్మ గుడికి వెళ్ళి దండం పెట్టుకోవడం, అనుమానాన్ని అట్లాగే ఇంటికి తెచ్చుకోవడం.

రెండువేల ఏడులో ఆ అనుమానం వాళ్ళ మిద్దె మీది గదిలోకి వచ్చి కూర్చుంది.

కొడుకు గిరిప్రసాద్ తిరుపతిలోనే నెట్ సెంటర్లో పనిచేస్తాడు. ఇంట్లో ఉన్నంతసేపూ మిద్దె మీద కంప్యూటరు ముందే. ర్యాప్ అంటాడు. మోత వాడే తయారు చేసుకుంటాడు, దాని మీదికి మాటలు వాడే కట్టి గుక్క తిప్పుకోకుండా పలుకుతాడు.

“కొండకింద ఊరు మాది, కొళాయికాడ పోరు మాది,
నీళ్ళొచ్చే పొద్దు యాడ? నిద్దరలేని కండ్లు సూడు!”

“వీడు పాడతా ఉండాడా, కొళాయికాడ నాతో కొట్లాడతా ఉండాడా?” అని నవ్వేది తల్లి దేవకమ్మ.

ఆమె పుట్టిల్లు వడమాలపేట. మొన్న అక్కడి జాతరలో మునస్వామి పంబ వాయిస్తుంటే గిరి సెల్‌ఫోన్లో పట్టుకున్నాడు. పంబకు ఒక వరుస ఉంది. ముందు అమ్మవారిని పిలుస్తారు, ఊపు పెంచి పూనిస్తారు, చివర శాంతింపజేసి సాగనంపుతారు. గిరికి ఊపున్న ముక్కే నచ్చింది. మిగతాది కోసేసి, అదొక్కటే మళ్ళీ మళ్ళీ తిరిగేలా కట్టాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బాలసుబ్రమణ్యం అన్నం తింటున్నాడు. మిద్దె మీద పంబ మొదలైంది. అయిపోతుందనుకున్న చోట మళ్ళీ మొదలు. పూనించడమే తప్ప సాగనంపడం లేదు. అతని చేయి కంచంలోనే ఆగిపోయింది.

మజ్జిగ గరిటె కింద పడిన చప్పుడైంది. దేవకమ్మ జడ ఊడింది. పళ్ళు పటపటలాడుతున్నాయి. పోయినేడు తిరుపతి జాతరలో ఇట్లాగే ఊగి ఊగి కూలిపోయింది. ఇంకొకసారైతే గుండె తట్టుకోదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఎంగిలిచేత్తోనే మెట్లెక్కాడు.

“ఆపరా! మీ అమ్మ ఊగతా ఉండాది!”

గిరి చటుక్కున లేచాడు. బోర్డులోంచి వైరు పీకేశాడు.

మోత ఆగింది. కింద అడుగులు ఆగలేదు. అదే ఊపు, అదే లెక్క. ఏమీ మోగని ఇంట్లో మెట్టెల చప్పుడొక్కటే. బాలసుబ్రమణ్యం కొడుకు భుజం పట్టుకుని కుదిపాడు.

“సాగనంపే ముక్క పెట్టరా!”

“లేదు నాయనా. కోసేసినా. ఫోన్లో జాగా చాల్లేదని ఆడ గూడా తీసేసినా.”

తిరుపతి జాతరకు చాటింపు పడింది. చాటింపు పడ్డాక ఊరు దాటకూడదు. సాగనంపడానికి వడమాలపేట నుంచి మునస్వామిని ఎట్లా తెస్తారు?

గిరి కిందికి పరుగెత్తి వంటింట్లో కూలబడి సత్తు గిన్నె బోర్లించి వాయించసాగాడు. భయానికి చేతులు ఇంకా వేగం అందుకున్నాయి. ఆమె కూడా వేగం అందుకుంది.

“నిదానంరా! సంపుతావా ఏమి?”

గిరి కళ్ళు మూసుకున్నాడు. ఆమె అడుగు వినుకుని, ముందు దానితో కలిశాడు. తర్వాత ఒక్కొక్క దెబ్బే వదిలేస్తూ వచ్చాడు. బాలసుబ్రమణ్యం వేపమండతో పసుపునీళ్ళు చల్లుతూ, “తల్లీ, ఏమి తప్పు జరిగింది?” అన్నాడు.

“ఏమిరా బాలా!”

పెళ్ళయినప్పటి నుంచీ దేవకమ్మ నోట అతని పేరు వచ్చింది లేదు.

“తోటి వేసం కట్టి నన్ను తిడతానంటివే! యాడరా నా తిట్లు?”

పసివాడుగా ఉన్నప్పుడు గిరికి ఒళ్ళంతా అమ్మవారు పోసింది. బిడ్డ బతికితే గంగమ్మ జాతరలో ఆ వేషం కట్టి, ఆచారం ప్రకారం అమ్మవారిని తిడతానని అప్పటి మొక్కు. బడిలో గుమస్తాపని, పిల్లల ముందు ఎట్లా తిట్టేదని సిగ్గుపడి, ఏడాదికేడాది జరుపుతూ వచ్చాడు.

“ఈ జాతరకే తల్లీ! ఇంక దాటనీను!”

దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఎడం వచ్చింది. దేవకమ్మ అతని చేతుల్లోకి ఒరిగింది. గుండె మీద చేయి పెట్టి చూశాడు. ఏమీ తెలియక చెవి ఆనించాడు.

“రోంత నీళ్ళియ్యండి” అంది చాలాసేపటికి.

ఆ ‘అండి’తో అతనికి ప్రాణం లేచివచ్చింది. అడిగింది అమ్మవారా, మొక్కు సంగతి తెలిసిన దేవకమ్మా? ఆమె మొహం చూశాడు. అడగలేదు.

జాతరలో తోటి వేషం రోజున ఒంటికి బొగ్గుపొడి రాసుకుని, వేపాకు కట్టుకుని గుడి వీధిలో నిలబడ్డాడు. ఆ రోజు ఎవరిని ఎంత మాటన్నా ఎవరూ కోపం తెచ్చుకోరు. ఆ తిట్లే గంగమ్మకు ముద్దు. అయినా అతని నోరు పెగల్లేదు.

గిరి పక్కన నిలబడి చప్పట్లతో ఊపందించాడు. “నాతో మొదులుపెట్టు నాయనా.”

“ఒరే... ఒరే సన్నాసీ!” అన్నాడు బాలసుబ్రమణ్యం.

“ఇదేం తిట్టప్పా, దీవిస్తా ఉండావా?” అన్నారెవరో గుంపులోంచి.

“నీ నోట్లో మన్ను బడ! నువ్వెవడ్రా నడమ, పిడకలెత్తుకుపోయే నాబట్టా!”

గుంపు గొల్లుమంది. ఇంక ఆగలేదు. హెడ్మాస్టర్ని తిట్టాడు, పుత్తూరు బస్సు కండక్టర్ని తిట్టాడు, చివరికి గుడిలోకి పోయి, చేతులు జోడించి గంగమ్మనే ఎదురుగా నిలబడి తిట్టాడు. గొంతు పూర్తిగా పోయాక, నడుముకున్న వేపమండ విప్పి ఆమె పాదాల దగ్గర పెట్టాడు.